బీడీల కత్తెర, సమ్సోను జుట్టు

మా ఇంట్లో బైబిల్లోని మహాబలుడు సమ్సోను కథ వాళ్లమ్మతో మొదలయ్యేది. మా అమ్మమ్మ ఎవరికి చెప్పినా అలాగే ఎత్తుకునేది. "మనోహ అని ఒకాయన ఉండె. ఆయన పెండ్లాం పేరు మనకు చెప్పలే" అని. పిల్లల్లేని ఆ మనిషికి ఒకరోజు దేవదూత కనబడి, నీకు కొడుకు పుడతాడు, వాడి తల మీద మంగలికత్తి పడొద్దు అని చెప్తాడు. ఆమె వెళ్లి మొగుడికి చెప్తుంది. ఆయనకు ఆ మాట తన చెవులతో వినాలని ఉంటుంది. ఆ దూతను ఇంకోసారి పంపించు దేవా అని ప్రార్థన చేస్తాడు. దూత వస్తాడు గానీ, ఈసారి కూడా పొలంలో ఒంటరిగా కూర్చున్న ఆమె దగ్గరికే వస్తాడు. ఆమే పరుగెత్తుకెళ్లి మొగుణ్ని పిలుచుకొస్తుంది. తర్వాత బలిపీఠం మంటతో పాటు దూత పైకి వెళ్లిపోతుంటే మనోహకు వణుకు పుడుతుంది. "దేవుణ్ని చూశాం, ఇక చచ్చిపోతాం" అంటాడు. "చంపాలనుకుంటే మన బలి ఎందుకు తీసుకుంటాడు? ఇవన్నీ మనకెందుకు చూపిస్తాడు?" అంటుంది ఆమె. ఇక్కడ అమ్మమ్మ ఆగి, వింటున్న ఆడవాళ్ల మొహాలన్నీ ఒకసారి చూసి, "గా ఇంట్ల తెలివి ఎవరికుందో చూసిండ్రా" అనేది.

న్యాయాధిపతుల గ్రంథం 13వ అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివినా ఆ తెలివైన మనిషికి పేరు దొరకదు. మనోహ భార్య, అంతే.

అమ్మమ్మ మిషన్ వాళ్ల దగ్గర బైబిల్ ఉమన్‌గా పనిచేసేది. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. పాత రోజుల్లో దొరసానులు తమంతట తాము వెళ్లలేని ఇళ్లకు, బస్తీలకు ఇక్కడి ఆడవాళ్లనే పంపేవారు. వాళ్లు గడప గడపకూ తిరిగి బైబిల్ కథలు చెప్పాలి, నేర్చుకుంటామన్న వాళ్లకు అక్షరాలు దిద్దించాలి, బాలింత ఉంటే పలకరించాలి, జ్వరం ఉంటే దవాఖానాకు తీసుకెళ్లాలి. తాతయ్య చిన్న వయసులోనే పోవడంతో అమ్మమ్మ ఆ పనిలో చేరింది. పుట్టింది మెదక్ దగ్గర పల్లెలో. మెదక్ చర్చిని 1924 క్రిస్మస్ నాడు తెరిచేనాటికి చంకబిడ్డట. కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ గుడి కట్టించాడని, దానికి తన తండ్రి రాళ్లు మోశాడని గొప్పగా చెప్పుకునేది.

నాకు ఊహ తెలిసేసరికి అమ్మమ్మ మాతోనే ఉండేది, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న వర్క్‌షాప్‌లో పనిచేసేవారు. పొద్దున వర్క్‌షాప్ సైరన్ కూసేసరికి అమ్మమ్మ కూడా తయారయ్యేది. సన్న అంచు తెల్లచీర, నల్ల గొడుగు, గుడ్డసంచిలో పెద్దక్షరాల బైబిలు, చంకలో బొమ్మల చుట్ట. మెట్టుగూడ, చిలకలగూడ, వారాసిగూడ, అడ్డగుట్ట. ఎంత దూరమైనా నడకే.

ఆ బొమ్మల చుట్ట గురించి చెప్పాలి. పైన ఒక కర్ర, దానికి దారం. కింద ఒకదాని వెనక ఒకటిగా పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. గోడకు మేకు ఉంటే తగిలించి, చెప్పాల్సిన కథ బొమ్మ వచ్చేదాకా ముందువి వెనక్కి తిప్పేది. అంచులు చిరిగితే మైదాపిండి ఉడికించి పాత పంచె పీలికలు అంటించేది. బొమ్మలన్నీ విదేశాల్లో అచ్చయినవి. అందుకే అబ్రాహాము నుంచి పేతురు దాకా అందరూ తెల్లగా, గులాబీ బుగ్గలతో ఉండేవాళ్లు. సమ్సోనును శత్రువులకు పట్టించిన దెలీలా ఒక్కతే కాస్త నల్లగా, కళ్లకు బండ కాటుకతో ఉండేది. సమ్సోను ఆమె ఒళ్లో తల పెట్టి నిద్రపోతుంటాడు. ఆమె చేతిలో కత్తెర.

ఈ కత్తెర ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. బైబిల్లో దెలీలా జుట్టు కత్తిరించదు. అతణ్ని తన ఒళ్లో నిద్రపుచ్చి, ఒక మనిషిని పిలిపించి, అతని చేత సమ్సోను బలమంతా ఉన్న ఏడు జడలూ గొరిగిస్తుంది. అయినా బొమ్మ వేసేవాళ్లందరికీ ఆమె చేతిలోనే కత్తెర పెట్టాలని ఎందుకో అంత ఆత్రం.

ఒక వేసవి సెలవుల్లో అమ్మమ్మ వెంట వారాసిగూడ వెళ్లాను. ఇరుకు సందులో రేకుల ఇల్లు. అరుగు మీద ఒకామె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నానబెట్టిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని కొలతకు చుట్టూ కత్తిరించడం, చిటికెడు పొగాకు పరిచి వేళ్లతో దొర్లించడం, కొసను గోటితో లోపలికి నొక్కి దారం చుట్టడం. చూపు చాట మీద ఉండాల్సిన పనే లేదు, వేళ్లకు కళ్లున్నట్టే సాగిపోయేది. చుట్టుపక్కల నుంచి ఇంకో నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు, వాళ్ల చాటలు వాళ్లకున్నాయి. అమ్మమ్మ కథ చెప్తుంటే కత్తెరల చప్పుడు ఆగేది కాదు. ఆగితే కట్టలు తగ్గుతాయి, కట్టలు తగ్గితే కూలి తగ్గుతుంది.

ఆ రోజు కథ దెలీలాది. సమ్సోను శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు దెలీలా దగ్గరికి వచ్చి, అతని బలం ఎక్కడుందో కనిపెట్టి చెప్తే తలా 1,100 వెండి నాణేలు ఇస్తామన్నారు. అమ్మమ్మ మామూలుగా చెప్పుకుంటూ పోతోంది. పచ్చి తడకలతో కట్టడం, కొత్త తాళ్లతో కట్టడం, జడలను మగ్గంలో నేసెయ్యడం, మూడుసార్లూ అతను తెంపుకోవడం. అప్పుడు ఆ అరుగు మీదామె తల ఎత్తకుండానే అడిగింది:

"టీచరమ్మా, ఎంతమంది దొరలొచ్చిండ్రు ఆమె ఇంటికి?"

"ఫిలిష్తీయులకు ఐదుగురు సర్దారులు" అంది అమ్మమ్మ.

"ఐదుగురు దొరలు ఇంటికొచ్చి ఈ పని జెయ్యి అంటే, చెయ్యనని అనేటందుకు ఆమె వెనక ఎవరున్నరు?"

అమ్మమ్మ వెంటనే ఏమీ అనలేదు. బొమ్మ వైపు చూసింది. నేనూ చూశాను. తర్వాత బైబిలు తీసి, కళ్లజోడు సర్దుకుని 14వ అధ్యాయానికి వెనక్కి వెళ్లింది. సమ్సోనుకు అంతకుముందు తిమ్నాతులో పెళ్లయింది కదా, ఆ పిల్ల సంగతి చదివింది. పెళ్లిలో సమ్సోను ఒక పొడుపుకథ వేసి ముప్పై జతల బట్టలు పందెం కాస్తాడు. విప్పలేక ఆ ఊరి మగవాళ్లు పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి, నీ మొగుణ్ని లాలించి జవాబు చెప్పించు, లేదంటే నిన్నూ నీ పుట్టింటినీ కాల్చేస్తాం అంటారు. విందు జరిగిన ఏడు రోజులూ ఏడుస్తుంది ఆ పిల్ల. ఏడోనాడు అతను చెప్తే వెళ్లి వాళ్లకు చెప్తుంది. సమ్సోను కోపంతో పుట్టింటికి వెళ్లిపోతాడు, తండ్రి ఆమెను వేరేవాడికి కట్టబెడతాడు, సమ్సోను తిరిగొచ్చి మూడొందల నక్కల తోకలకు కాగడాలు కట్టి పంటలు తగలబెడతాడు. ఆ మంటకు బదులుగా ఫిలిష్తీయులు వెళ్లి ఆ పిల్లనూ ఆమె తండ్రినీ కాల్చేస్తారు. చెప్పకపోతే కాలుస్తామన్నారు, చెప్పినా కాల్చారు.

కత్తెరలు ఆగాయి.

"గీ సంగతి దెలీలాకు ఎరుకే ఉంటది" అంది అరుగు మీదామె. మళ్లీ ఆకు అందుకుంది.

అప్పటి నుంచి అమ్మమ్మ దెలీలా కథను ఎక్కడ చెప్పినా తిమ్నాతు పిల్లను ముందు చెప్పేది, తర్వాతే దెలీలా ఉండే శోరేకు లోయకు వచ్చేది. "ఆమెకు తండ్రి పేరు లేదు, మొగుని పేరు లేదు, అన్నదమ్ముల పేరు లేదు" అని వేళ్లు మడిచి లెక్కపెట్టేది. బొమ్మ మీద దెలీలా కళ్లు చూపించి "భయపడ్డదా, ఆశపడ్డదా, మీరే చెప్పుండ్రి" అనేది. నాకైతే ఆ కళ్లు కాటుక తప్ప ఇంకేమీ చెప్పేవి కావు. కానీ ఆడవాళ్లు మాత్రం ఆ ప్రశ్న మీద తెగ వాదించుకునేవారు.

చర్చిలో మాత్రం దెలీలా వేరు. సండే స్కూల్లో ఆడపిల్లలకు ఆమె ఒక హెచ్చరిక బోర్డు. ఎవరైనా కాస్త పౌడరు ఎక్కువ రాసుకున్నా, రిబ్బన్ ఎర్రగా ఉన్నా "దెలీలా వచ్చిందిరా" అనేవాళ్లు. పెదాలకు రంగేస్తే యెజెబెలు, బైబిల్లోని చెడ్డ రాణి. మా పిన్ని ఒకసారి గోళ్లకు రంగేసుకుని ఆరాధనకు వస్తే ప్రసంగం మొత్తం ఆమె మీదే నడిచింది, పేరు మాత్రం చెప్పలేదు. ఆ ప్రసంగం చేసిన అయ్యగారికీ అమ్మమ్మకూ ఒకే మిషన్ జీతమిచ్చేది. ఆయన వేదిక ఎక్కి మాట్లాడేవారు, అమ్మమ్మ రోజుకు నాలుగు బస్తీల్లో మాట్లాడి ఆదివారం ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని వినేది. ఆమెను ఒక్కసారైనా వాక్యం చెప్పమని పిలిచినట్టు నాకు గుర్తులేదు. స్త్రీల సమాజంలో ప్రార్థన చేయమనేవారు, అంతే. 2013లో నంద్యాలకు పుష్పలలిత గారు బిషప్ అయినప్పుడు, దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్ మన తెలుగామే అని పేపర్లో చదివి అమ్మ చాలాసేపు ఏడ్చింది. ఎందుకమ్మా అంటే "మా అమ్మ ఉంటే బాగుండు" అంది.

ఇక ఒపెరా సంగతి. మాకూ ఒపెరాకూ ఏ సంబంధమూ లేదు. 2020లో కొవిడ్ వల్ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా తలుపులు మూసేసి, మార్చి 16 నుంచి రోజుకొకటి చొప్పున పాత రికార్డింగులు ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. వాళ్ల రాత్రి ఏడున్నర, మనకు తెల్లవారి ఐదు. మా అన్నయ్య కూతురు పియానో గ్రేడ్లు రాస్తోంది. లాక్‌డౌన్‌లో తోచక అవి చూడటం మొదలుపెట్టింది. మల్కాజ్‌గిరిలో అన్నయ్య వాళ్లది పైపోర్షన్, నేనూ అమ్మా కింద. పెద్ద టీవీ ఉన్నది మా దగ్గర. కాబట్టి ఆ పిల్ల చూసేవన్నీ మేమూ చూడాల్సి వచ్చింది. మొదట్లో నాకు తలనొప్పి. అమ్మ మాత్రం మొదటి రోజే తేల్చేసింది: "ఇది సురభి వాళ్ల నాటకమే. మాట చెప్పాల్సిన చోట పద్యం పాడుతున్నరు, తెరలు మాత్రం ఖరీదైనవి." ఒకప్పుడు నాన్నతో కలిసి పబ్లిక్ గార్డెన్స్‌లో సురభి నాటకాలు చూసిన మనిషి. కాబట్టి ఒక్క ముక్కను అరగంట పాడినా ఆమెకు ఇబ్బంది లేదు. నచ్చితే "వన్స్ మోర్" అనేది టీవీకి.

లాక్‌డౌన్ పోయింది గానీ అలవాటు పోలేదు. కొన్నాళ్లకు ఒక యూరప్ ఒపెరా హౌస్ 'సామ్సన్ ఎ దలీలా' ప్రసారం చేస్తుందని మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. "అత్తా, మన సమ్సోను! ఫ్రెంచ్‌లో!" అని. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, ముగ్గురం కూర్చున్నాం. కింద ఇంగ్లిషులో మాటలు వస్తాయి, అమ్మకు అంత వేగంగా చదవడం కుదరదు కాబట్టి నేను తెలుగులో చెప్పాలి.

మేనకోడలు ముందే చదువుకొచ్చింది. స్వరకర్త కామీ సాఁ-సాన్స్. మొదట దీన్ని ఒరటోరియోగా, అంటే వేషాలూ తెరలూ లేకుండా నిలబడి పాడేదిగా రాద్దామనుకున్నాడట. మాటలు రాసిన ఫెర్డినాఁ లెమేర్ ఒపెరా చేద్దామని ఒప్పించాడు. బైబిల్ కథను రంగస్థలం మీద ఆడటమేమిటని పారిస్‌లో ఎవరూ ముందుకు రాలేదు. చివరికి స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ పూనుకోవడంతో 1877 డిసెంబర్ 2న జర్మనీలోని వైమార్‌లో జర్మన్ భాషలో మొదటిసారి ఆడింది. పారిస్ ఒపెరా దాకా రావడానికి 1892 అయింది. ఇంగ్లండ్‌లో అయితే బైబిల్ పాత్రలను స్టేజీ మీదకు తేవడానికి సెన్సార్ ఒప్పుకునేది కాదు, కోవెంట్ గార్డెన్‌లో నాటకంగా ఆడింది 1909లో. ఇది విని అమ్మకు మా క్రిస్మస్ డ్రామాలు గుర్తొచ్చాయి. మా సంఘంలో కూడా ఒక పెద్దాయన, యేసుప్రభువు వేషం ఎవరూ వేయకూడదని పట్టుబట్టేవారు. తెర వెనక నుంచి గొంతు వినిపిస్తే చాలు అనేవారు. గొర్రెల కాపరులకు మాత్రం అభ్యంతరం లేదు, అందుకే మా డ్రామాల్లో కాపరులు ఇరవైమంది, గొర్రె ఒకటి.

ఒపెరా గాజాలో మొదలవుతుంది. ఇశ్రాయేలీయులు చీకట్లో ఏడుస్తూ ఉంటారు, సమ్సోను వచ్చి లేవండి అంటాడు. "వాళ్లమ్మ ఏది?" అంది అమ్మ. లేదు. "మొదటి పెండ్లాం?" లేదు. నక్కలు లేవు, ఆ పొడుపుకథలోని సింహం లేదు, తేనె లేదు. తిమ్నాతు మంట అసలే లేదు. ఉన్న ఆడది ఒక్కతే, దెలీలా. పూలదండలు పట్టుకున్న ఫిలిష్తీ ఆడపిల్లలతో వచ్చి వసంతం గురించి పాడుతుంది. ఆమె వైపు చూడకు అని ఒక ముసలాయన సమ్సోనును హెచ్చరిస్తుంటాడు. అమ్మ నా వైపు తిరిగి "మన పెద్దాయనే" అంది.

రెండో అంకంలో నా ఊపిరి ఆగింది. రాత్రి, శోరేకు లోయలో దెలీలా ఇల్లు, దూరంగా ఉరుములు. ఫిలిష్తీయుల దేవుడు దాగోను ప్రధాన యాజకుడు వచ్చి, నీకేం కావాలంటే అది ఇస్తాను, నా సంపదలో కోరుకో అంటాడు. ఆమె అంటుంది కదా, నీ బంగారం నాకెందుకు? నాకు పగ కావాలి. నీ అంతగా నేనూ సమ్సోనును ద్వేషిస్తున్నాను అంటుంది. పై స్థాయి సొప్రానో గొంతు కాకుండా కింది స్థాయి మెజ్జో గొంతుకు రాశాడు ఆ పాత్రను. పొలీన్ వియార్దో అనే మహా గాయని గొంతు మనసులో పెట్టుకుని రాసి, ఆమెకే అంకితం ఇచ్చాడట. వైమార్‌లో ఆడేనాటికి ఆమెకు యాభై దాటింది కాబట్టి పాడలేదు. ఆ కింది స్థాయి గొంతులో "నీ బంగారం నాకెందుకు" వింటే ఒళ్లు గగుర్పొడిచింది నిజమే. కానీ నా బుర్రలో వారాసిగూడ అరుగు తిరుగుతోంది. ఈ దెలీలా ఎవరికీ భయపడదు. యాజకుడు ఆమెతో సమానంగా నిలబడి పాడతాడు, ఇద్దరూ కలిసి పన్నాగం పన్నుతారు. ఐదుగురు దొరలు ఇంటికొచ్చారన్న మాటే ఇక్కడ లేదు.

"అత్తా, బైబిల్లో కంటే ఇది నయం కదా" అంది మేనకోడలు. "అక్కడ ఆమె ఎందుకు చేసిందో ఒక్క ముక్క చెప్పలేదు. డబ్బు ఇస్తామన్నారు, చేసింది. ఇక్కడ కనీసం ఆమెకు తన జాతి కోసం అని ఒక కారణం ఉంది."

నిజమే, బైబిల్లో చెప్పలేదు. సమ్సోను ఆమెను ప్రేమించాడని ఉంది. ఆమె అతణ్ని ప్రేమించిందని గానీ, ద్వేషించిందని గానీ ఎక్కడా లేదు. అసలు ఆమె ఫిలిష్తీయురాలని కూడా రాయలేదు, చదివేవాళ్లం మనమే అనుకుంటాం. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు. ఫ్రెంచ్ పెద్దమనిషి పగ పెట్టాడు, సండే స్కూల్ టీచర్ దురాశ పెట్టాడు, బీడీలామె భయం పెట్టింది. నా ఓటు బీడీలామెకే. ఎందుకంటే ఆమె చెప్పింది రెండు అధ్యాయాల వెనక అచ్చులోనే ఉంది. మిగతా ఇద్దరూ అక్కడిదాకా వెళ్లలేదు.

ఆ తర్వాత వచ్చే పాట మాత్రం నా వాదన మొత్తాన్నీ పక్కకు నెట్టేసింది. సమ్సోను వస్తాడు, వెళ్లిపోవాలంటాడు, ఆమె పాడుతుంది. తెల్లవారి వెలుగుకు పువ్వు విచ్చినట్టు నీ గొంతుకు నా హృదయం విచ్చుకుంటోంది అని. వాద్యాలు గాలికి ఆకులు కదిలినట్టు వణుకుతుంటాయి, గొంతు మెట్టు మెట్టుగా కిందికి జారుతుంది. ఒక చరణం అయ్యాక అతను లొంగిపోయి ప్రేమిస్తున్నానంటాడు, రెండో చరణంలో ఇద్దరి గొంతులూ కలుస్తాయి. ఇది మోసం చేయడానికి పాడుతున్న పాట అని కథ చెప్తోంది. సంగీతం ఒప్పుకోవడం లేదు. అంత నిజంగా ఉంది. కచేరీల్లో ఈ పాటను విడిగా పాడతారట, అప్పుడు అచ్చమైన ప్రేమపాటే. సాఁ-సాన్స్ కావాలనే అలా రాశాడో, చేతికి అలా వచ్చేసిందో గానీ, ఆ నాలుగైదు నిమిషాలు దెలీలా నిజంగానే ప్రేమించింది. అమ్మ కూడా "వన్స్ మోర్" అనలేదు. కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

తర్వాత తుఫాను. ఆమె ఇంట్లోకి వెళ్తుంది, అతను గుమ్మంలో ఊగిసలాడి వెనకే వెళ్తాడు. సైనికులు చప్పుడు చేయకుండా వచ్చి ఇల్లు చుట్టుముడతారు. తెర పడింది. "జుట్టు కత్తిరించేది చూపించరా?" అంది అమ్మ అన్యాయం జరిగినట్టు. చూపించరు, అది గోడ వెనకే జరిగిపోతుంది. మూడో అంకంలో గాజా చెరసాలలో గుడ్డి సమ్సోను తిరుగలి తిప్పుతూ కనిపిస్తాడు.

దాగోను గుడిలో పెద్ద నాట్యం ఉంటుంది. ఓబో అనే ఊదే వాద్యం ఒక్కటే ముందు మెలికలు తిరుగుతూ ఎత్తుకుంటుంది. అమ్మ చటుక్కున "ఇది మాయామాళవగౌళలా లేదూ?" అంది. చిన్నప్పుడు సంగీతం టీచర్ దగ్గర సరళీస్వరాలతో ఆగిపోయిన మనిషి, కానీ ఆ రాగం ఒక్కటీ చెవిలో ఉండిపోయింది. మేనకోడలు పియానో మీద వాయించి చూసి, చాలా దగ్గరగా ఉంది నానమ్మా అని ఒప్పుకుంది. ఆయన ఈ ఒపెరా రాస్తున్న రోజుల్లో అల్జీరియా వెళ్లి ఉన్నాడు, అరబ్బు బాణీలు అక్కడ చెవిన పడ్డాయంటారు. 1921లో చనిపోయింది కూడా అల్జీర్స్‌లోనే. అరబ్బు బాణీ పారిస్ మీదుగా మల్కాజ్‌గిరి వచ్చేసరికి అమ్మకు సరిగమలైంది.

చివర్లో దెలీలా గుడ్డి సమ్సోనును వెక్కిరిస్తుంది. ఆ ప్రేమపాట బాణీనే ఎగతాళిగా మళ్లీ పాడుతుంది. అది నాకు నచ్చలేదు. ఏ మనిషైనా అలా పాడి అలా మారతాడా అనిపించింది. తర్వాత స్తంభాలు, గుడి కూలడం, అందరితో పాటు ఆమె కూడా కింద.

"బైబిల్ల ఆమె చచ్చిపోదు" అంది అమ్మ.

చచ్చిపోయిందో లేదో చెప్పలేదు. సర్దారులు వెండి చేతబట్టుకుని రావడం, గొరిగించడం, కళ్లు పెరికేయడం. ఆ తర్వాత దెలీలా పేరు మళ్లీ ఎత్తరు. గుడి పైకప్పు మీదే మూడు వేలమంది ఆడా మగా ఉన్నారని లెక్క రాశారు గానీ వాళ్లలో ఆమె ఉందో లేదో రాయలేదు. మా అమ్మమ్మ ఇక్కడ ఒక చమత్కారం చేసేది. పేజీ తిప్పి 17వ అధ్యాయం చూపించేది. ఎఫ్రాయిము మన్యంలో మీకా అనేవాడి తల్లి దగ్గర డబ్బు పోతుంది. ఎంత? సరిగ్గా 1,100 వెండి నాణేలు. ఆమెకూ పేరు లేదు. "గీ ముసలామె ఎవరై ఉంటదంటవ్?" అని కళ్లు ఎగరేసేది. అది రుజువయ్యే సంగతి కాదు, అమ్మమ్మకూ తెలుసు. ఏదో ఒక పక్క వీధిలో దెలీలా బతికే ఉండాలన్నది ఆమె కోరిక.

ఆ రాత్రంతా ఇలాంటివే గుర్తొస్తూ ఉన్నాయి. వెకేషన్ బైబిల్ స్కూల్ డ్రామాలో నాది లోతు భార్య వేషం, కాలిపోతున్న ఊరిని వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైనామె. ఒక్క డైలాగు లేదు. వెనక్కి తిరగాలి, పక్కన దాక్కున్న ఇద్దరు పిల్లలు తెల్లదుప్పటి కప్పుతారు, నేను ఉప్పు స్తంభంగా నాటకం అయ్యేదాకా నిలబడాలి. మే నెల ఎండలో దుప్పటి కింద చెమటకు నిజంగానే ఉప్పు కారింది. "లోతు భార్యను జ్ఞాపకము చేసికొనుడి" అని మా టీచర్ గట్టిగా చదివారు, మాట వినని ఆడదానికి పట్టే గతి ఇదని. ఇంటికొచ్చాక అమ్మమ్మ నా మొహం కడుగుతూ, లోతు అల్లుళ్లు నవ్వులాట అనుకుని ఊళ్లోనే ఉండిపోయిన సంగతి చెప్పింది. "ఇల్లు కాలుతుంటే వెనక్కి చూడని ఆడిది ఉంటదా బిడ్డా" అంది. నాన్న రిటైరై మేం క్వార్టర్ ఖాళీ చేసిన రోజు అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి ఎన్నిసార్లు వెనక్కి చూసిందో.

రిస్పా గురించి కూడా అమ్మమ్మ చెప్పేది, సమూయేలు రెండో గ్రంథంలో. రాజకీయానికి ఉరి తీసిన కొడుకుల శవాల దగ్గర గోనెపట్ట పరుచుకుని, కోతకాలం మొదలు వానలు పడేదాకా పగలు పక్షులను, రాత్రి మృగాలను తోలుతూ కూర్చున్న తల్లి. దీన్ని మాత్రం అమ్మమ్మ బస్తీల్లో చెప్పేది కాదు, ఇంట్లో మాకే చెప్పేది. బొమ్మల చుట్టలో ఆ బొమ్మ లేదు కూడా.

మేనకోడలు ఇప్పుడు 'సలోమీ' చూద్దామంటోంది. రిషార్డ్ ష్ట్రౌస్‌ది, 1905లో డ్రెస్డెన్‌లో మొదటిసారి ఆడింది, ఆస్కార్ వైల్డ్ నాటకం ఆధారం. న్యూయార్క్ మెట్‌లో 1907లో ఒక్కసారి ఆడి, పెద్దల గగ్గోలుకు ఆపేశారు, మళ్లీ అక్కడ ఆడటానికి 1934 దాకా పట్టింది. హేరోదు రాజు ముందు నాట్యం చేసి బాప్తిస్మమిచ్చు యోహాను తల అడిగిన పిల్ల కథ అని చెప్పగానే అమ్మ అడ్డం పడింది.

"సలోమే అంటే సుగంధద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి పోయినామె గదా. ఆమె నాట్యం ఎందుకు చేస్తది?"

అమ్మ చెప్పింది నిజం. సువార్తల్లో ఆ పేరు సమాధి దగ్గరికి వెళ్లినామెదే. నాట్యం చేసిన పిల్ల హేరోదు పెండ్లాం హేరోదియ కూతురు, అంతే. జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడి పుస్తకం నుంచి ఆ పిల్లకు సలోమీ అనే పేరు తెచ్చి పెట్టారు. మార్కు సువార్తలో ఆ పిల్ల నాట్యం అయ్యాక బయటికి వెళ్లి "నేనేమి అడగాలి?" అని తల్లిని అడుగుతుంది. తల్లి చెప్తే వచ్చి అడుగుతుంది. ఒపెరాలో అలా కాదు, మా అమ్మ మాట కాదు, నా సంతోషం కోసమే అడుగుతున్నాను అంటుంది. ఆ తల పళ్లెంలో వచ్చాక దాన్ని ముద్దు పెట్టుకుంటుంది. చూడలేక హేరోదు ఆమెను చంపేయమంటాడు. దెలీలాకు చేసిందే ఈ పిల్లకూ చేశారు. చేతిలో సొంత కోరిక పెట్టారు, దాంతో పాటే మొత్తం నేరం కూడా పెట్టారు.

"చిన్నపిల్ల" అంది అమ్మ. "తల్లి చెప్పింది చేసింది. దాని తప్పేముంది? నువ్వు మాత్రం నేను చెప్పిన ఒక్క పనైనా ఎన్నడన్న చేసినవా?"

అమ్మ పడుకున్నాక రాత్రి పదింటికి పెడదామని నేను మేనకోడలికి సైగ చేశాను. అమ్మ చూడనే చూసింది.

"తల నరికిన కథ నేను డెబ్బై ఏండ్ల నుంచి చదువుతున్న. ఏడింటికే పెట్టుండ్రి. పదింటికి నాకు నిద్రొస్తది."